ఎండను తగ్గించే ఉంగరం

జీరో కనిపించని బంకు

మా అల్లుడు నా పుట్టినరోజుకు నల్ల కళ్ళద్దాలు కొనిచ్చాడు. అల్లుడు మంచివాడే. నా ఫిర్యాదు అద్దాల మీద.

అవి పెట్టుకొని సూర్యాపేట బైపాసు దగ్గరున్న పెట్రోలు బంకుకు వెళ్ళాను. బంకాయన రివాజు ప్రకారం "జీరో సూడుండ్రి సార్" అన్నాడు. మీటరు వైపు చూశాను. మీటరంతా నల్లగా ఉంది. అందులో జీరో లేదు సరికదా, మరే అంకే లేదు.

"జీరో ఏదయ్యా?"

"గదే సార్, మీ ముందట్నే ఉన్నది."

"నాకేం కనిపిస్తలేదు."

"ఇంకా పొయ్యనే లేదు గద సార్, ఏం కనిపిస్తది?"

ఈ తర్కానికి జవాబు వెతుక్కుంటూ తల పక్కకు వంచాను. జీరో వచ్చింది. తల నిటారుగా పెట్టాను. జీరో పోయింది. ఇంకోసారి వంచి చూసుకున్నాను. వెనక వరసలో ఉన్న ఆటో ఆయన బంకాయనతో, "పెద్దమనిషికి మెడ పట్టేసినట్టున్నది, జర జల్ది పంపియ్యన్నా" అన్నాడు.

అప్పటి నుంచి పెట్రోలు పోయించుకునేటప్పుడు మెడ వంచుతున్నాను. బంకులో నన్ను భక్తిపరుడని అనుకుంటున్నారు.

ఇందులో వింతేమీ లేదు. ఆ కళ్ళద్దాలు ఒక వాటంలో వచ్చే వెలుగును రానిస్తాయి, మరో వాటంలో వచ్చేదాన్ని ఆపేస్తాయి. మీటరు తెర వెలుగు ఆగిపోయే వాటంలో ఉంది, అంతే. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ఎందుకంటే అలాంటి అద్దాలనే లెన్సు ముందు బిగించుకుని, నా వృత్తి జీవితం చివరి భాగమంతా గుండ్రంగా తిప్పుతూ గడిపాను.

నేను సూర్యాపేటలో పెళ్ళి వీడియోలు తీసేవాణ్ణి. రిటైరయ్యానంటే జనం నవ్వుతారు, రిటైరవడానికి అదేమైనా సర్కారు కొలువా అని. నిజానికి నా మోకాళ్ళు రిటైరయ్యాయి. వాటిని వదిలి నేనొక్కణ్ణే పనికి పోలేక ఆగిపోయాను. స్టూడియో ఇప్పుడు నరేశ్ నడుపుతున్నాడు. నా దగ్గర కెమెరామన్‌గా చేరి, నాకంటే బాగా తీయడం నేర్చుకుని, ఆ సంగతి నాకు మర్యాదగా తెలియజేస్తూ వచ్చినవాడు. కొత్తగా చేరే పిల్లలకు పనికొచ్చేది ఏదైనా రాయమని అతనే అడిగాడు. ఏ కెమెరా కొనాలో ఇక్కడ ఉండదు. అది మీకు నాకంటే బాగా తెలుసు, తెలియకపోయినా మీరే నాకు చెబుతారు. నేను ఒక చిన్న వస్తువు గురించే రాస్తాను.

కెమెరాకు రెప్పలుండవు

నాకు పని నేర్పింది ఖాజా భాయ్. పాత బస్టాండు దగ్గర ఆయనకో స్టూడియో ఉండేది. నేను బి.ఏ. పాసై, ఉద్యోగం వచ్చేదాకా కాలక్షేపానికని ఆయన దగ్గర చేరాను. ఆ ఉద్యోగం ఇంకా రాలేదు.

ఖాజా భాయ్‌కి నా చదువు మీద గౌరవం ఉండేది. దాన్ని రోజూ వాడుకునేవాడు. "బి.ఏ. సాబ్, జర ఆ లైటు పట్టుకో. బి.ఏ. సాబ్, ఆ వైరు మీద ఎవ్వరు తొక్కకుండ సూడు." పెళ్ళిలో మా స్థానం గురించి ఆయన సూత్రం ఒక్కటే. "పెండ్లిల మనం గోడ. గోడకు చెవులుంటే ఉండనీ. నోరుండొద్దు." ఎండ గురించి ఇంకొకటి చెప్పేవాడు. "వెలుగు ఎక్కువైతే మనం కండ్లు చిట్లిస్తం. కెమెరాకు రెప్పల్లేవు బేటా, పాపం. దాని రెప్ప నువ్వే."

అప్పటి పెద్ద వీడియో కెమెరాల లోపలే ఆ రెప్ప ఉండేది. పక్కన చిన్న మీట నొక్కితే లోపల నల్ల అద్దం అడ్డం పడేది. తర్వాత ఫోటోలు తీసే కెమెరాలతోనే వీడియోలు తీసే రోజులొచ్చాయి. బొమ్మ అద్భుతంగా వచ్చింది, మీట మాయమైంది. మన పెళ్ళిళ్ళేమో ఎండాకాలంలో, పట్టపగలు, తెల్ల గుడ్డ పందిరి కింద జరుగుతాయి.

ఎండలో కెమెరా తనంతట తానేం చేస్తుందో చెబుతాను. వెలుగు తట్టుకోలేక ఒక్కో బొమ్మను మరీ వేగంగా తీసేస్తుంది. అప్పుడు తలంబ్రాలు ధారగా పడవు, గులకరాళ్ళు విసిరినట్టు పడతాయి. అలా కాదని లెన్సు కన్ను చిన్నది చేస్తే పెళ్ళికూతురి వెనకున్నవన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఆమె వెనక ఏముంటాయి? ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాను, అరిటిపండు తింటున్న పెద్ద బావ. వెనకదాన్ని మసక చేయడం గొప్ప కళ అని మీకు చెప్పి ఉంటారు. అది పెద్ద బావ కోసం పుట్టిన కళ.

కన్ను పెద్దగా తెరిచే ఉంచాలి, కానీ వెలుగు తక్కువగా రావాలి. అందుకే లెన్సుకు నల్లద్దం. దీన్ని ఎన్‌డీ ఫిల్టర్ అంటారు. ఒక్కో ఎండకు ఒక్కో అద్దం మార్చే తీరిక పెళ్ళిలో ఉండదు కాబట్టి వేరియబుల్ ఎన్‌డీ వచ్చింది. ఒక ఉంగరంలో రెండు అద్దాలు. వెనకది కదలదు, ముందుది తిప్పాలి. తిప్పినకొద్దీ ఎండ తగ్గుతుంది. మొదటిసారి తిప్పినప్పుడు సూర్యుడి మెడకు తాడు కట్టినంత సంబరం కలుగుతుంది. ఆ సంబరం మంచిది కాదు.

మఠంపల్లిలో సిలువ, త్రిపురారంలో బురద

మొదటిది చవక ఫిల్టరు కొన్నాం. నరేశ్ కొన్నాడు, నేను మెచ్చుకున్నాను.

దాన్ని మఠంపల్లి దగ్గర ఒక చర్చి పెళ్ళికి తీసుకెళ్ళాం. తెల్ల చర్చి, తెల్ల చీర, సున్నపురాయి దుమ్ముతో తెల్లబడ్డ రోడ్డు. అంత తెలుపులో నరేశ్ ఉంగరాన్ని చివరిదాకా తిప్పేశాడు. ఈ ఫిల్టర్లను, ముఖ్యంగా చవకవాటిని, చివరిదాకా తిప్పితే బొమ్మ మధ్యలో మూల నుంచి మూలకు రెండు నల్లచారలు పడతాయి, తప్పు లెక్కకు మాస్టారు కొట్టివేత పెట్టినట్టు. దగ్గరి నుంచి విశాలంగా తీస్తే మరీ స్పష్టంగా పడతాయి. పెళ్ళికూతురి తెల్ల చీర మీద ఆ చారలు అలాగే దిగాయి.

వీడియోను పెళ్ళికూతురి తండ్రి కళ్ళజోడు సవరించుకుని చూశాడు. ఆయన బడిపంతులు. చివరికి, "సిలువ వేశారు, సంతోషం. కానీ మా సిలువ ఇట్ల వంకరగ ఉండదు సారూ" అన్నాడు.

మంచి ఫిల్టరు కొన్నాం. దానికి అటూ ఇటూ ఆపే హద్దులుంటాయి, కొట్టివేత పడేదాకా తిరగనివ్వదు. దాదాపుగా. ఈ 'దాదాపుగా' మీద కాసేపాగి మాట్లాడుకుందాం.

రెండో పాఠం త్రిపురారంలో. కాలవ నీళ్ళొచ్చి నాట్లు పడ్డ కొత్తలో ఒక జంటకు పెళ్ళికి ముందు షూటింగు. పెళ్ళికొడుకు మండలాఫీసులో ఉద్యోగి. అతనికి ఒక కోరిక ఉంది. మడి నిండా నీళ్ళు, నీళ్ళలో ఆకాశం, ఆకాశంలో తామిద్దరూ తలకిందులుగా. కోరిక బాగుంది. ఇద్దర్నీ గట్టు మీద నిలబెట్టి నరేశ్ కెమెరా పెట్టాడు, ఎండ ఎక్కువైందని ఉంగరం తిప్పాడు. ఎండతోపాటు ఆకాశం కూడా పోయింది. జంట పోయింది. మిగిలింది నారు, దాని కింద బురద, బురదలో ఒక ఎండ్రకాయ.

పెళ్ళికొడుకు తెరలోకి చూసి, "నీళ్ళల్ల మేం లేం గదన్నా" అన్నాడు.

గట్టు మీద ఇందాకటి నుంచి మమ్మల్ని ఓర్పుగా చూస్తున్న రైతు అందుకున్నాడు. "నీళ్ళల్ల బురద ఉంటది బిడ్డ. మీరెందుకుంటరు?"

అప్పుడు తెలిసింది మాకు. ఉంగరం ఎండను మాత్రమే తగ్గించదు. నీళ్ళ మీద, అద్దాల మీద తళతళలాడే వెలుగు ఒక వాటంగా వస్తుంది. ముందద్దం దానికి ఎదురుతిరిగితే ఆ తళతళ మొత్తం పోతుంది, కింద ఉన్నది బయటపడుతుంది. బంకు మీటరు కథే, కాస్త తిరగేసి.

కావాలనుకుంటే వరం, వద్దనుకుంటే శాపం. ఎప్పుడు ఏదో ఉంగరం చెప్పదు. ఎండ ఎంత తగ్గాలి, తళతళ ఎంత పోవాలి అన్న రెండు కోరికలూ ఒకే ఉంగరం మీద ఉన్నాయి. ఒకటి తిప్పితే రెండోది అడక్కుండానే తిరుగుతుంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది.

గంప వద్దన్నారు

ఇక కోదాడ పెళ్ళి. ఈ రాతంతా దానికోసమే.

పెళ్ళికూతురు మౌనిక. వాళ్ళది కోదాడ పక్కన చిలుకూరు. తండ్రి ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి సుగుణమ్మ పొలం పనిచేసుకుంటూ ఊళ్ళోనే ఉంటే, పిల్ల మాత్రం మిర్యాలగూడలో మేనమామ సైదులు ఇంట్లో ఉండి చదువుకుంది. సైదులు రైసుమిల్లులో మేస్త్రీ. బస్తాలు ఎత్తించేవాడే కానీ ఎత్తేవాడు కాదు. బడి రోజుల్లో పిల్లను బండి మీద దింపడం, తేవడం అంతా ఆయనే.

మన దగ్గర పెళ్ళికూతుర్ని మండపానికి మేనమామ గంపలో కూర్చోబెట్టి మోసుకొస్తాడు. పెళ్ళి కుదిరిన రోజు నుంచి సైదులు మిల్లులో రోజూ కొన్ని బస్తాలు తానే ఎత్తడం మొదలుపెట్టాడట, నడుముకు అలవాటు కావాలని. హమాలీలు సంతోషించారు. "మేస్త్రీకి ఇంకో నలుగురు మేనకోడండ్లుంటే మాకు రందే లేకుండె" అన్నారట.

ఇవేవీ మాకు తెలియవు. నరేశ్‌కు తెలిసింది ఒక్కటే, ఈమధ్య అందరూ అడుగుతున్న పెళ్ళికూతురి ప్రవేశం. పొగ మిషను, చల్లటి నిప్పురవ్వలు, నలుగురు స్నేహితురాళ్ళు పట్టుకునే పూలచాందినీ, నల్లద్దాలు పెట్టుకుని నాట్యం చేస్తూ వచ్చే పెళ్ళికూతురు. అందులో గంపకు చోటు లేదు. అతను సుగుణమ్మకు ఫోను చేసి, "గంప వద్దమ్మా, ఫ్రేముల మంచిగ కనిపియ్యది. మామను పక్కన నడువుమనుండ్రి, సాలు" అన్నాడు. సుగుణమ్మ ఈ మాటను అన్నకు చెప్పడానికి ధైర్యం చాలక, పెళ్ళి ముందురోజు దాకా దాచి, అప్పుడు ఫోనులో చెప్పింది.

సైదులు అంతా విని, "మరి నేనెందుకు? పొగ మిషిని పక్కన నిలవడనీకా?" అని ఫోను పెట్టేశాడు. తర్వాత ఎత్తలేదు.

మీలో ఎవరైనా మేనమామ అలక చూడకపోతే ఈ వృత్తిలోకి రాకండి. దానికి చట్టం ఉంది, సంప్రదాయం ఉంది, సాక్షులుంటారు. మామూలుగా నలుగురు పెద్దమనుషులు పోయి బతిమాలితే విరుగుతుంది. ఈసారి బతిమాలడానికి ఇంట్లో మనిషే దొరకలేదు. తాళం ఉంది.

గేటు వైపు చూపు

ఇదంతా నాకు పెళ్ళి రోజు పొద్దున తెలిసింది, అదీ తిరగేసి. ఫంక్షన్‌హాలు ముందున్న ఖాళీ జాగాలో పందిరి. పొగ వచ్చింది, రవ్వలు వచ్చాయి, మౌనిక వచ్చింది. నరేశ్ చిరాగ్గా నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఆమె కెమెరా దిక్కు సూస్తలేదు. గేటు దిక్కే సూస్తున్నది. డ్యాన్సు గూడ గేటు దిక్కే చేసింది."

"గేటు దగ్గర ఏముంది?"

"ఏం లేదు సార్. రోడ్డు."

సుగుణమ్మను అడిగితే కొంగుతో మొహం తుడుచుకుంటూ మొత్తం చెప్పింది. చివర, "గంప మాత్రం తెచ్చిన సారూ. ఎందుకు తెచ్చిన్నో నాకే తెల్వదు. ఆ వంటోళ్ళు దాంట్ల ఉల్లిగడ్డలు పోసుకున్నరు" అంది.

నా పని మండపం పక్కన స్టాండు మీద దూరం లెన్సుతో. దూరం లెన్సు పట్టుకున్నవాడి అసలు పని పెళ్ళికూతురు ఏం చూస్తోందో అది చూడటం. చూశాను. గేటు. గేటు అవతల రోడ్డు. రోడ్డుకు ఆ పక్కన మాకు ఎదురుగా మొహం పెట్టి ఆగిన పాత తెల్లకారు. ముందద్దం నిండా మా పందిరి, ఆకాశం, కరెంటు తీగలు. మనుషులెవరూ లేరు. అయితే కారు కింద నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. ఏసీ నడుస్తున్న కారు అలా కారుస్తుంది. మనిషి లేని కారులో ఏసీ ఎందుకు?

మబ్బు పక్కకు జరిగి ఎండ విరుచుకుపడింది. చెయ్యి అలవాటుగా ఉంగరం మీదికి పోయింది. పందిరి పోయింది, ఆకాశం పోయింది, తీగలు పోయాయి. త్రిపురారం మడిలో ఎండ్రకాయ తేలినట్టు, స్టీరింగు వెనక ఒక పెద్దమనిషి తేలాడు. కొత్త చొక్కా మడత నలగకుండా నిటారుగా కూర్చుని, కళ్ళు చిట్లించి మండపం వైపు చూస్తున్నాడు.

అంతలో ఇక్కడ జీలకర్ర బెల్లం పెట్టారు. గట్టిమేళం మోగింది, అందరూ అక్షింతలు విసిరారు. కారులో పెద్దమనిషి జేబులో చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. ఇంటి నుంచే తెచ్చుకున్నట్టున్నాడు. మండపం వైపు విసిరాడు. అవి ముందద్దానికి తగిలి కింద పడ్డాయి. ఆయన అటూ ఇటూ చూసి, ఒక్కొక్కటీ ఏరి మళ్ళీ జేబులో వేసుకున్నాడు.

నేను కెమెరా ఆపలేదు. చెయ్యీ కదపలేదు.

ఇక ఏం చేయాలన్నది సమస్య. సుగుణమ్మకు చెబితే ఆమె కేకేస్తుంది. చుట్టాలందరూ గేటు వైపు పరిగెత్తుతారు. ఇంజను నడుస్తూనే ఉంది, ఆయన గేరు వేస్తాడు. మౌనికకు తెలిసేది మామ రాలేదనే. అలాగే అత్తారింటికి పోతుంది. చెప్పకపోయినా అంతే. ఖాజా భాయ్ సూత్రం గుర్తొచ్చింది, గోడకు నోరుండొద్దని. నోరు లేకుండానే చూపించే పని కదా మనది అనుకున్నాను. బి.ఏ.లో ఇలాంటి సర్దుబాట్లు బాగా నేర్పుతారు.

మధుపర్కాల చీర మార్చుకోవడానికి మౌనిక మండపం దిగి నా పక్కనుంచి పోతోంది.

"అమ్మా, ఇంతసేపు నువ్వు చూస్తున్నదాన్ని ఒకసారి ఇందులో చూడు" అన్నాను.

ఆమె తెరలోకి వంగింది. నేను ఉంగరాన్ని ముందే వెనక్కి తిప్పి ఉంచాను. "తెల్లకారు, అంకుల్" అంది.

"ఈ ఉంగరం తిప్పు. మెల్లగ."

గోరింటాకు పెట్టుకున్న వేళ్ళతో తిప్పింది. నల్లబడింది, తెల్లబడింది, మళ్ళీ నల్లబడుతూ ఒకచోట ఆగింది. నేను ఆమె వైపు చూడలేదు. కాసేపటికి ఆమె గొంతు మాత్రం వినిపించింది.

"కొత్త చొక్కా కుట్టిచ్చుకున్నడు."

అని, పూలజడతో, ఉట్టికాళ్ళతో, కాలుతున్న నేల మీద గేటు వైపు నడిచింది.

ఎత్తుకున్నది

కెమెరాను స్టాండు మీంచి ఊడబీకి నేనూ వెనకే పోయాను. మౌనిక కారు అద్దం మీద కొట్టింది. అద్దం బెత్తెడు దిగింది.

"ఏసీ పోతది" అన్నాడు సైదులు.

"ఎందుకొచ్చినవ్ మామా?"

"ఈ దిక్కు పనుండె."

"ఏం పని?"

"టైర్లల్ల గాలి కొట్టియ్యాలె."

"మిర్యాలగూడల గాలి లేదా?"

సైదులు చొక్కా గుండీ సవరించుకున్నాడు. మౌనిక ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతోంది, నేల కాలుతోంది కదా.

"పొగ అయిపోయింది మామా. ఇప్పుడు చీర మార్చుకొని మళ్ళ మండపానికి పోవాలె. నడిసి పోవాల్నా?"

ఆయన కిందికి చూశాడు. "చెప్పులేవి?"

"లేవు."

"ఆరిందానివైనవ్ గని, ఎండల చెప్పులేసుకొని నడువాల్నని తెల్వదు." ఇంజను ఆపాడు. తలుపు తీశాడు. "గంప ఉన్నదా?"

ఆ తర్వాత అంతా తొందరే. సుగుణమ్మ వంటశాలకు పరిగెత్తి గంపను బోర్లించింది. వంటాయన, "ఉల్లిగడ్డలు యాడ పొయ్యాలె?" అంటే, "నా నెత్తి మీద పొయ్యి" అంది ఆనందంగా. మధుపర్కాల చీరలో మౌనిక వచ్చి, ఉల్లిపొట్టు దులిపి, గంపలో కూర్చుంది. పంతులుగారు మండపం మీంచి, "మాంగల్యధారణకు ఇంకా వ్యవధి ఉందండీ, కంగారు పడొద్దు. మేనమామగారి నడుముకు ఎంత వ్యవధి ఉందో చూసుకోండి" అన్నారు.

గంపకు ఒక పక్క ముగ్గురు పట్టారు. రెండో పక్క సైదులు ఎవరినీ పట్టనివ్వలేదు. "బస్తా కన్న అల్కగున్నది" అన్నాడు. మెడ నరాలు వేరే మాట చెబుతున్నాయి. జనం దారి ఇచ్చారు. గేటు దగ్గరి నుంచి పందిరి కిందికి, పందిరి నుంచి మండపం మెట్ల దాకా ఆయన నడిచాడు. మౌనిక గంప అంచు పట్టుకోలేదు, ఆయన భుజం పట్టుకుంది. నేను వాళ్ళ ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ తీశాను.

వెనక్కి నడుస్తూ తీసేవాడు తెరను చూడడని మీకు ఎవరూ చెప్పరు. కుర్చీలు చూస్తాడు. ఆరోజు నేను కుర్చీలు కూడా చూడలేదు. వాళ్ళనే చూశాను.

నరేశ్ అంతా అయ్యాక వచ్చాడు. హాలు వెనక రెండో ప్రవేశం కోసం పొగ మిషనులో మందు పోస్తూ ఉన్నాడట. "ఒక్క మాట చెప్తే ఈడ గూడ పొగ పెడుతుంటి గద సార్" అన్నాడు.

నీడలోకి రాగానే

స్టూడియోలో కూర్చుని చూశాం. కారు అద్దం అద్భుతంగా వచ్చింది. చొక్కా మడతతో సహా, ఏరుకున్న అక్షింతలతో సహా. మా స్టూడియో నుంచి అంత మంచి బొమ్మ ఎప్పుడూ రాలేదని నరేశే అన్నాడు, అతను నన్ను మెచ్చుకోవడం అరుదు.

తర్వాత గంప. తెర నల్లగా ఉంది.

కారు అద్దంలోని తళతళ పోవాలంటే ఉంగరం దాదాపు చివరిదాకా తిరిగి ఉండాలి. ఎండలో అది సరిపోయింది. అదే ఉంగరంతో నేను పందిరి నీడలోకి వచ్చాను. మనుషులు దగ్గరవుతున్నారని లెన్సును విశాలం చేశాను. వెనక్కి నడిచే కంగారులో అరచెయ్యి తగిలి ఉంగరం హద్దును నొక్కుకుని ఇంకొంచెం తిరిగింది. ఇందాక 'దాదాపుగా' అన్నది ఇదే. నరేశ్ ఆ చీకటిని తెల్లగా చేయాలని చూశాడు. చీమలు పాకినట్టు గరగరలు వచ్చాయి. వాటి మధ్య మూల నుంచి మూలకు కొట్టివేత. మఠంపల్లి సిలువ ఇంత దూరం నడిచొచ్చింది.

చుట్టాల ఫోన్లలో ఉంటుందని ఊరంతా వెతికాం. ఉన్నాయి, బోలెడు. ఎవరి ఫోనులో చూసినా వాళ్ళ ముందు నిలబడ్డవాడి ఫోనే కనిపించింది.

కాబట్టి పిల్లలూ, నీడలోకి అడుగు పెట్టగానే, గడప ముందు చెప్పులు విడిచినట్టు ఫిల్టరు విడిచేయండి. తిప్పుకుందాంలే అనుకోవద్దు, ఊడదీయండి. ఇంత పెద్ద కథ చెప్పి ఇంత చిన్న నీతా అని మీకు అనిపించొచ్చు. మన వృత్తిలో నీతులన్నీ ఈ కొలతలోనే ఉంటాయి.

వీడియో ఇవ్వడానికి చిలుకూరు నేనే వెళ్ళాను. సుగుణమ్మ ఇంట్లో టీవీ ముందు చాప పరిచారు. మౌనిక, ఆమె భర్త అత్తారింటి నుంచి వచ్చారు. సైదులు మిర్యాలగూడ నుంచి వచ్చి, తనకు దీంతో సంబంధం లేదన్నట్టు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

కారు వచ్చేసరికి అందరూ ముందుకు వంగారు. అద్దంలో ఆకాశం కరిగి సైదులు బయటపడ్డాడు. జేబులో చెయ్యి పెట్టాడు, విసిరాడు, ఏరుకున్నాడు. మౌనిక నవ్వింది, నవ్వుతూ మామ మోకాలి మీద చెయ్యి వేసి అలాగే ఉంచేసింది. సుగుణమ్మ "మళ్ళొకసారి పెట్టు సారూ" అంది. పెట్టాను. మళ్ళీ అడిగింది. మళ్ళీ పెట్టాను.

తర్వాత తెర నల్లబడింది. మాటలు మాత్రం వినిపించాయి. "బస్తా కన్న అల్కగున్నది." జనం నవ్వులు, పంతులుగారి గొంతు, మెట్ల దగ్గర సైదులు ఎగశ్వాస. చీకటిలో కొట్టివేత గుర్తు అటూ ఇటూ ఊగింది.

నేను సైదులుకు విషయం వివరించాను. రెండు అద్దాల గురించి, తళతళ గురించి, ఎండ గురించి, నీడ గురించి. ఆ అద్దం లేకపోతే ఆయన కారులో కనిపించేవాడే కాదని కూడా చెప్పాను. ఆయన మధ్యలో ఆపకుండా, మిల్లులో లెక్క విన్నట్టు చివరిదాకా విన్నాడు.

"నేను అలిగి కూసున్నది మంచిగ తీసినవ్ సారూ" అన్నాడు. "పిల్లను ఎత్తుకున్నది తియ్యలే."